మూడో అధ్యాయం ఫెయిర్ కాపీ

ఫరీదాబాద్,
ఆగస్టు 4

ప్రియమైన అమ్మకు,

ఫోనులో అయితే రెండో నిమిషానికే అరుచుకుంటాం. అందుకే మన పద్ధతిలో ఉత్తరమే రాస్తున్నాను. నా థీసిస్ మూడో అధ్యాయంలో డెబ్భై ఆరు శాతం ఏఐ రాసిందని యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్ తేల్చిందట. మా గైడు సుందరరామయ్యగారు నా ముఖం చూడకుండానే ఆ కాగితం చేతికిచ్చారు.

ఒళ్ళు మండిపోతోందమ్మా. ఎనిమిది నెలలు బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, షిఫ్టు దిగిన ఆడవాళ్ళతో మాట్లాడింది నేను. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాగేంద్రమ్మ నా చెయ్యి పట్టుకుని కష్టం చెప్పుకున్నది నాతో. డిసెంబరు చలిలో ఏ మిషన్ వచ్చి నిలబడింది అక్కడ? పద్దెనిమిదిన కమిటీ ముందు హాజరు కావాలి. వాళ్ళు నమ్మకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఐదేళ్ళ పని గంగపాలు. నేను ఏఐ జోలికే పోలేదు. ఊరుకోను.

నీ వర్షిణి

ఆర్.కె. పురం,
ఆగస్టు 8

నా బంగారు వర్షిణికి,

నీ ఉత్తరం చదివాను. అనడానికి వాళ్ళెవరు? కేంద్ర మంత్రిత్వ శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళుగా డ్రాఫ్టులు దిద్దుతున్నదాని కూతురివి నువ్వు. వాళ్ళలో ఒక్కరైనా ఆ అధ్యాయం చదివారా? చదవకుండా మిషన్లో పడేసి, అది చెప్పిన అంకె కింద సంతకాలు పెట్టారు. మా సెక్షన్లో ఎవరైనా ఆ పని చేస్తే ఫైలు విసిరికొట్టేదాన్ని.

అయినా ఒక మాట విను. గొడవకు దిగకు. ఆ ఒక్క అధ్యాయం తిరగరాస్తానని చెప్పి గడువు అడుగు. నేను దిద్దిన పాత కాగితాలన్నీ వాళ్ళ ముందు పరచడం దేనికి? వేళకు తిను.

అమ్మ

ఫరీదాబాద్,
ఆగస్టు 11

ప్రియమైన అమ్మకు,

తిరగరాస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా. ఏడో తరగతిలో నేను కాపీ కొట్టానన్న మేడమ్ చేత క్షమాపణ చెప్పించేదాకా స్కూలు గేటు దగ్గర్నుంచి కదలనిదానివి. అలాంటిది ఇప్పుడు నన్ను తలవంచమని ఎలా రాశావు? వాళ్ళ మీద కన్నా నీ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

నా దగ్గర సాక్ష్యం ఉంది. మొదటి రెండు అధ్యాయాలూ నువ్వు ఎర్రసిరాతో ఇంగ్లీషు దిద్ది పంపిన కాగితాలు దాచుకున్నాను. మూడోది మాత్రం నేరుగా ఫెయిర్ కాపీయే పంపావు. నువ్వు దిద్దాక నేను చూసేదేముందని తిరగేయకుండానే అప్పజెప్పాను. దాని ఎర్రగీతల కాగితాలు నీ దగ్గరే ఉండాలి. మీ ఆఫీసు దశరథ్ అంకుల్ రోజూ ఫరీదాబాద్ నుంచే వస్తారుగా, ఆయన చేతికివ్వు. ఆ గీతలు చూశాక వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఏమంటుందో నేనూ చూస్తాను.

నీ వర్షిణి

ఆర్.కె. పురం,
ఆగస్టు 14

నా బంగారు వర్షిణికి,

ఎర్రగీతల కాగితాలు లేవు.

మార్చిలో పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు రాస్తూ ఆదివారాలు కూడా ఆఫీసులోనే గడిపాను. నీ గడువు ముంచుకొచ్చింది. ఇంగ్లీషు సరిచేయమని నీ అధ్యాయాన్ని ఫోనులో ఉన్న ఏఐకి ఇచ్చాను. ఆఫీసులో చిత్తుప్రతి స్టెనోకిస్తే ఫెయిర్ కాపీ వస్తుంది, దాన్ని స్టెనో రాశాడని ఎవరూ అనరు. ఇదీ అంతేననుకున్నాను. వచ్చినదాన్ని చదవను కూడా లేదు. నీ మొదటి ఉత్తరానికే విషయం అర్థమైంది. చెప్పే ధైర్యం లేక నిన్నే తలవంచమన్నాను.

నిన్న నువ్వు రాసిందీ, ఏఐ ఇచ్చిందీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నాగేంద్రమ్మ నీతో, "ఒంటేలుకెళ్ళాలన్నా చెయ్యెత్తి అడగాలమ్మా, మా మనవరాలు బళ్ళో అడిగినట్టు" అంది. ఆ చోట ఫెయిర్ కాపీలో, విరామ సదుపాయాల నిర్వహణలో కొన్ని పరిమితులున్నాయని ఒక నున్నటి వాక్యం ఉంది. నాగేంద్రమ్మ పేరే లేదు.

చదవకుండా సంతకం పెట్టారని వాళ్ళను తిట్టాను. ఆ తిట్లన్నీ నాకు తగలాల్సినవి.

జరిగింది జరిగినట్టు రాసి, పేరూ హోదా వేసి సంతకం చేశాను. దాన్నీ, నువ్వు రాసిన అసలు ప్రతినీ దశరథ్‌గారితో పంపుతున్నాను. పద్దెనిమిదిన సెలవు పెట్టాను. కమిటీ ముందు దాన్ని నేనే చదువుతాను. నమ్ముతారో లేదో తెలియదు.

ఇది చదివాక ఉత్తరం రాయకు, ఫోను చెయ్యి. నీ కోపం తీరేదాకా తిట్టు. ఈసారి నేను ఎదురు చెప్పను.

నీ అమ్మ,
సరోజ