కట్ట మీద గరిక

కోటల పరిరక్షణ అధికారి గారికి,

మీ నోటీసు అందింది. మా ఊరి మట్టికోట కట్టను తవ్వి నా చేలోకి తోలుకున్నానని మొదటి నేరం, మీ పనికి అడ్డుపడ్డానని రెండో నేరం రాశారు.

మొదటిది అబద్ధం. ఆ మట్టి నేను తెచ్చుకోలేదండి, మీరే పంపారు. ఆగస్టులో మీ సూపర్‌వైజర్ జేసీబీ పెట్టి కట్ట మీది గరికను వేళ్లతో సహా గీకించాడు. "కలుపంతా పోయింది చూడమ్మా, కోట ఎంత నీటుగా ఉందో" అన్నాడు. "అది కలుపు కాదయ్యా, కట్టను పట్టి ఉంచేది అదే" అంటే నవ్వాడు. పెద్దసార్లు వచ్చి ఫొటోలు దిగి వెళ్లారు.

మా ఊళ్లో గేదెలకు ఆ గరిక కొడవలితో కోసుకుంటాం గాని వేరు ముట్టుకోం. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒక్క దుబ్బు పీకినందుకు మా అత్త రాఘవమ్మ దాన్ని నాచేతే మళ్లీ నాటించి, నెలరోజులు నీళ్లు పోయించింది.

సెప్టెంబరు వానకు బోడికట్ట జారి, నా చేలో నాటి పదిరోజులైన మిరప మొక్కల మీద మోకాలి లోతున పడింది. ఆ మట్టి పదిహేను రోజుల్లో అప్పగించమన్నారు. నేను మోయను. మీరే వచ్చి ఎత్తుకెళ్లండి. మెల్లగా ఎత్తండి, కింద నా మొక్కలున్నాయి.

రెండో నేరం ఒప్పుకుంటున్నాను. నా బోరు దగ్గర నలభై గజాల కట్ట మీదికి జేసీబీని రానివ్వకుండా అడ్డంగా కూర్చున్నాను. ఈ వైపు జారకుండా నిలబడింది ఆ నలభై గజాలే. అక్కడ మీవాళ్లెవరూ ఫొటో దిగలేదు కాబట్టి నేనే తీయించి పంపుతున్నాను.

జేసీబీ మళ్లీ వస్తే మళ్లీ కూర్చుంటాను. మూడో నేరం ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇట్లు,
కోట పక్క మిరపచేను రైతు