పిండి చేతులతో కెమెరా ముట్టుకోవద్దు

ఏమండీ,

కెమెరా బీరువా పైఅరలో ఉంది. ఇవాళ నాకు ఇన్సూరెన్స్ ఆఫీసులో కాగితాల పనే, మీ బేకరీ బోర్డుకి ఫొటోలు తీసుకోండి. కానీ ముందు చేతులు సబ్బుతో కడిగి, ఆరాకే ముట్టుకోండి. తాడు మణికట్టుకి తగిలించుకోండి. బటన్ సగం నొక్కి, తెర మీద పచ్చ గడి వచ్చేదాకా ఆగి, అప్పుడు పూర్తిగా నొక్కండి. ఆఫ్ చేస్తే లెన్సు దానంతట అదే లోపలికి పోతుంది. బొటనవేలితో తొయ్యడానికి అదేమీ మీ పిండిముద్ద కాదు! చొక్కా అంచుతో తుడిచారంటే ఊరుకోను, సంచిలో మెత్తటి గుడ్డ ఉంది. ఎర్ర లైటు వెలుగుతుండగా బ్యాటరీ మూత తెరవద్దు.

నిన్న షెడ్డులో, క్లెయిము కోసం గుద్దుకున్న కారుని ఫొటో తీద్దామని అందరి ముందూ ఆన్ చేస్తే, లెన్సు కిర్రుమంటూ బయటికొచ్చి బానెట్ మీద మైదా రాల్చింది. "ఏమ్మా, ఈ కారు పిండిమరని గుద్దిందా?" అన్నాడు మెకానిక్. నా తల కొట్టేసినట్టయింది. కెమెరా ఆఫీసువాళ్లది. పాడైతే ఊడేది నా ఉద్యోగం. ఎన్నిసార్లు చెప్పినా మీకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

తా.క.: మీరు తీసిన బన్నుల ఫొటోలు చూశాను. అన్నీ చెయ్యి వణికి మసకబారినవే. చివర్న నేను కుర్చీలో నిద్రపోతున్న ఫొటో మాత్రం కనురెప్పలతో సహా స్పష్టంగా వచ్చింది. మనసు పెడితే చెయ్యి వణకదన్నమాట. ఇవాళ బన్నుల మీద కూడా అంత మనసు పెట్టండి.