ఏమీ చేయనట్టుండే లైను

అమ్మకు నీ చిన్నది నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేనూ నాన్నా కులాసా. నువ్వూ, నీ కొత్త కాలేజీలో నువ్వు పాఠాలు చెప్పే పిల్లలూ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అడిగినవాటికి వరసగా జవాబులు. నాన్న మోకాలు నయమే, మెట్లు దిగేటప్పుడు మాత్రం మూలుగుతున్నారు, అదీ నేను ఇంట్లో ఉంటేనే. వెనక గది కిటికీ గడియ వడ్రంగి వచ్చి బిగించి వెళ్లాడు. నీ ఉన్ని శాలువా నాన్న కప్పుకుంటున్నారని నీకెవరు చెప్పారోగాని, చెప్పింది నిజమే.

ఇక నాలుగో ప్రశ్న. "నేను రాసిన ప్రోగ్రాం ఇంకా నడుస్తోందా?" అని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ నీళ్లు నమిలాను. నడవలేదమ్మా. పదకొండు రోజులు ఆగిపోయింది. దాన్ని ఉంచాలా, పారేసి కొత్తది రాయించాలా అని శుక్రవారం మీటింగు పెట్టారు. నువ్వు ఒకప్పుడు పనిచేసిన ఈ ఆఫీసులో నేను నీ కూతురినని ఎవరికీ తెలియదు కదా. నీ సిఫారసుతో వచ్చాననుకుంటారని నేనే చెప్పలేదు.

సంగతేమిటో నాన్న కూడా అడిగారు. "కంపైలరంటే ఏంటే?" అన్నారు. "మనం రాసింది చదివి, తప్పులు పట్టి, మెషీన్ భాషలోకి మార్చేది" అన్నాను. "ఓహో, మీ అమ్మలాంటిదన్నమాట" అన్నారు. నవ్వాను గాని, ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు.

బడిపిల్లలు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు రాసి పంపితే, నీ ప్రోగ్రాం తన లోపలే ఉన్న కంపైలర్‌ని పిలిచి తప్పెక్కడుందో అడిగి, పిల్లలకు తెలిసే మాటల్లో చెప్పాలి. అలాంటిది ఎవరేం పంపినా ఒకటే జవాబు: ప్రెల్యూడ్ దొరకలేదు. ప్రెల్యూడ్ అనే ఆ మొదటి లైబ్రరీ లేకపోతే హాస్కెల్‌లో రెండూ రెండూ కూడా కూడలేం. అదే ఫైలును బయట కంపైలర్‌కి నేరుగా ఇస్తే గుటుక్కున మింగేస్తోంది. కంపైలర్ లైబ్రరీ ఉన్న ఫోల్డర్ సరిగ్గా చెప్పామా అని చూశాను, సరిగ్గానే ఉంది. ఆ వారమే వెర్షన్ మార్చాం కాబట్టి అంతా తీసేసి మళ్లీ ఎక్కించాను. తల ప్రాణం తోకకొచ్చింది. పక్క సీట్లో కళ్లజోడుగారున్నారు, రెండు జోళ్లు మార్చి మార్చి పెట్టుకుంటారు. "కొత్త వెర్షన్ ఈ పాతదానికి పడట్లేదమ్మా, వదిలెయ్" అన్నారాయన.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, నీ పాత కాపీనీ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టాను. తేడా ఒక్క లైను. కంపైలర్ దగ్గర దాని సెట్టింగులు తీసుకుని, దేన్నీ మార్చకుండా మళ్లీ దానికే అప్పగించే లైను. ఏమీ చేయని లైను. దాన్ని తిరిగి పెట్టి నడిపాను. ఒక పిల్ల పంపిన దానికి వెంటనే జవాబొచ్చింది: "మూడో లైనులో అంకె ఉండాల్సిన చోట మాట ఉంది."

నమ్మలేక కంపైలర్ సోర్సే తెరిచి చదివాను. సెట్టింగులు తిరిగి అందినప్పుడే అది తన జాబితాలు తెరుస్తుందమ్మా. రాసిపెట్టి ఉన్న ప్యాకేజీలేవి, ఏది ఎక్కడుంది, ఏది దేనిమీద ఆధారపడింది, అన్నీ అప్పుడే చదువుకుంటుంది. అంతవరకూ తన ఫోల్డర్ తెలుసుగాని అందులో ఏముందో తెలియదు. ఆరేళ్లుగా కంపైలర్ అంటే గేటు దగ్గర నన్నాపే మనిషనుకున్నాను. లోపల ఇంత పని చేస్తుందని తెలిసి నోరెళ్లబెట్టి కూర్చుండిపోయాను. మమ్మల్ని బడికి పంపి, అడగడానికి ఎవరూ లేని రోజుల్లో నువ్వు ఒక్కదానివే ఇదంతా తెలుసుకున్నావని తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు అసలు మాట. ఆ లైను తీసేసింది నేనే. వెర్షన్ మార్చిన వారమే కోడ్ శుభ్రం చేస్తూ, "తీసుకున్నదే తిరిగివ్వడమేంటి, చాదస్తం" అనుకుని కొట్టేశాను. కంపైలర్ కిమ్మనలేదు, బాగానే ఉందనుకున్నాను. ఆ సంగతే మర్చిపోయాను. అంతటితో అయిపోలేదు. బుధవారం మేనేజర్ "ఈ పాతది ఎవరు రాశారో!" అంటే, "ఎవరైతే ఏం సార్, కుళ్లిపోయింది, పారేద్దాం" అన్నాను. అది నీదని తెలిసే అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే నీకు పోయిన ఉత్తరం రాశాను.

శుక్రవారం మేనేజర్ "అయితే పారేద్దామా?" అనగానే లేచి నిలబడ్డాను.

"ప్రోగ్రాం బాగానే ఉంది సార్. పాడుచేసింది నేను. ఒక లైను తీసేశాను."

"అంత ముఖ్యమైందైతే పైన ఒక ముక్క వివరణ రాయాల్సింది కదా, ఆవిడెవరో, ఆయనెవరో!"

"ఆవిడ మా అమ్మ సార్."

కళ్లజోడుగారు జోడు మార్చి నన్ను మళ్లీ చూశారు. మేనేజర్, "ఉంచుదాం. కానీ ఆ లైను పైన వివరణ రాయమ్మా, ఇంకొకళ్లు తీసెయ్యకుండా" అన్నారు.

అది రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. "దీన్ని తీయకండి" అని రాసి చెరిపేశాను. ఆ వివరణ నువ్వే రాసి పంపాలమ్మా. రెండు వాక్యాలు చాలు, కింద నీ పేరు పెట్టు. మొదటి లైను నుంచి చివరిదాకా వెతికాను. ఆ ప్రోగ్రాంలో ఎక్కడా నీ పేరు లేదు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి