మూడో గొట్టం మాదే

జనవరి 3, సోమవారం
అక్కా, నా రాత కోడి గెలికినట్టుంటుంది, గుణింతాలు తప్పుతాయి, ఏమీ అనుకోకు. నేను చదివింది మూడో తరగతే కదా. మీ మరిది ఈ పరదేశంలో ఊకబూడిదతో సబ్బులు చేసే కంపెనీ పెట్టారు. సబ్బు ఇంకా లేదు. షేర్లు మాత్రం అమ్ముతున్నారు. నేను ఒట్టు పెట్టుకున్నాను: కంపెనీ కోసం ఒక్క అబద్ధం కూడా ఆడను!

5, బుధవారం
ఆడలేదు! షేర్లు కొనేవాళ్ళు ఫ్యాక్టరీ చూపించమన్నారు. ఆయన మా ఇంటి ముందున్న పజుండౌంగ్ కాలువ గట్టుకి తీసుకెళ్ళి, అవతల ఎవరివో బియ్యం మిల్లుల పొగగొట్టాల్లో మూడోది మాదన్నారు. అందరూ నా వైపు తిరిగారు. సిగ్గేసి తల వంచుకున్నాను. వాళ్ళు ఔననుకున్నారు. తల వంచుకోవడం అబద్ధం కాదు.

9, ఆదివారం
ఈ రోజు నోటితోనే "మాదే" అన్నాను. సబ్బుల మిషను రాగానే నిజమవుతుందట. ముందుగా చెప్పిన నిజం, అంతే.

16
పొద్దున్నే పొగ ఎంత నల్లగా, దట్టంగా ఉందో! కడుపు నిండింది. పక్కింటి వీరలక్ష్మి రెండో గొట్టమే బాగుందంది. దాంతో మాటలు మానేశాను.

20
పొగ ఆగిపోయింది! ఆయన ముఖం పాలిపోయింది.
"మన మిల్లుకేటయిందే?"
మనది కాదు కదండీ అన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి, సంపాను పడవ ఎక్కి అవతలికి వెళ్ళి మిల్లు మేనేజరు మీద కేకలేసి వచ్చారు. మేనేజరు క్షమాపణ చెప్పాడట.

24, ఉదయం
కింద వాటాలోని చిన్నమ్మికి ఏడో నెల. పురిటికి ఓడెక్కి ఊరెళ్ళడానికి దాచుకున్న గాజులు తెచ్చి షేరు ఇమ్మంది. గొట్టం మాది కాదని, సబ్బే లేదని అంతా చెప్పేశాను. చిన్నమ్మి నవ్వింది.
"లాబాలు మీరే తినేద్దారనేటి సెల్లీ? ఇంతలా దాస్తన్నావంటే గట్టి కంపినీయే."
గాజులు నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం
కిందికి వెళ్ళి షేర్లన్నీ అమ్ముడైపోయాయని చెప్పాను. ఈసారి వెంటనే నమ్మింది. ఏడుస్తూ గాజులు తీసుకుంది. ఓడకి వెళ్తుంది. ఒట్టు పోయింది.

25
షేర్లు అయిపోయాయన్న మాట పేటంతా పాకింది. నది అవతలున్న దలా నుంచి కూడా జనం వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఆయన రేటు పెంచారు. నన్ను మేనేజరుని చేస్తారట.
రేపటి నుంచి మళ్ళీ మొదలు. ఒక్క అబద్ధం కూడా ఆడను. నిజం కూడా చెప్పను.
అక్కా, చదివి ఈ కాగితాలు పొయ్యిలో పెట్టెయ్యి. బావగారి కంట పడనివ్వకు. చదివితే ఆయన కూడా షేరు కొంటారు.