వాన రోజు ఖమ్మంలో ఉన్నవాడి వ్యాసం

టేకులపల్లి,
ఖమ్మం జిల్లా.
20-11-2007, మంగళవారం.

ప్రియమైన సాయిప్రియకు,

మా ఇంట్లో ఏ ఉత్తరమైనా ప్రభువు నామమున వందనాలతోనే మొదలవ్వాలి. అవి అందుకో. మీ ఏన్కూరు ఇంటి పద్ధతిలో ఒక నమస్కారం కూడా కలుపుతున్నా. అది నీకు కాదు, మీ నాన్న బసవపున్నయ్య గారికి. నీకెందుకు నమస్కారం, నామీద అలిగి కూర్చున్నావుగా! ఆగస్టులో షామియానా గుడ్డ కొనడానికి హైదరాబాదు వచ్చి కూడా నీ గడప తొక్కలేదని నీ కోపం. న్యాయమైన కోపమే. ఆ సంగతి చివర్న చెబుతాను, ఓపిక పట్టు.

ముందు మా తమ్ముడి సంగతి. సుకుమార్ బిజినెస్ స్కూలుకు పంపాల్సిన వ్యాసం నువ్వు దిద్ది పంపావు. దిద్దడం ఏమిటిలే, ఉతికి ఆరేశావు. "ఇది వ్యాసమా, చర్చిలో చెప్పే సాక్ష్యమా? ఇందులో మీ తమ్ముడు ఎక్కడున్నాడు?" అని ఎర్ర సిరాతో రాశావు చూడు, అది చదివి మా ఇంట్లో ఎవరికీ ఆ పూట అన్నం సయించలేదు.

నీ మాట నిజమే. అది ఇంటిల్లిపాదీ కూర్చుని రాసిన వ్యాసం. మీ గురించి మీరు చెప్పండి అని ఎవరైనా అడిగితే మాకు తెలిసిన పద్ధతి ఒకటే, ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం. చిన్నప్పుడు వాడికొచ్చిన పచ్చకామెర్లు తప్పకుండా ఉండాలని అమ్మ పట్టుబట్టింది. పాస్టరు ఎబినేజర్ గారి ప్రార్థనలు మరవొద్దని నాన్న అన్నాడు. పైగా సాక్ష్యంలో 'నేను చేశాను' అనకూడదు, అంటే గర్వం. అంతా ఆయనే చేశాడనాలి. అందుకే ఇంజనీరింగు పాసైందీ దేవుడే, ఖమ్మంలో ఉద్యోగం సంపాదించిందీ దేవుడే అయ్యాడు. అది అట్లాగే పంపి ఉంటే స్కూలు వాళ్లు సీటు కూడా దేవుడికే ఇచ్చేవాళ్లు.

నవ్వకు. వాడికి ఇది రెండోసారి. పోయినేడు సీటు రాలేదు. ఈసారి కూడా రాకపోతే ఆ ఆశ వదులుకుని ఊరికొచ్చి మా టెంట్ హౌసులో కూర్చుంటానంటున్నాడు. నాన్న మోకాళ్లు పాడైనప్పటి నుంచి టెంట్ హౌసు నేను చూస్తూనే ఉన్నాను కదా, ఆ కుర్చీల మధ్య వాడొచ్చి ఏం చేస్తాడు? వాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, చుట్టాలైతే చాలు సామాను ఉచితంగా ఇచ్చేస్తాడు.

అందుకని దరఖాస్తులో రెండో ప్రశ్నకు నేనే కలం పట్టాను. కష్టంలో నలుగురినీ నడిపించిన సందర్భం రాయాలట. రెండేళ్ల కింద చర్ల అవతల ఒక పల్లెలో సువార్త సభలకు మన సామాను పోయింది. దారిలో కుండపోత వాన. వాగు పొంగింది. కుర్చీలు, పరదాలు, వంట గిన్నెలు అన్నీ వ్యానులో ఇవతలే ఆగిపోయాయి. జనం మాత్రం అవతల చేరిపోయారు. మధ్యాహ్నానికి నీళ్లు మోకాలి లోతుకు తగ్గాయి గానీ వ్యాను దిగదు. అప్పుడు ఆ పల్లె పెద్ద భీమయ్యను బతిమాలి, కుర్చీలు వదిలేసి, వంట గిన్నెలు మాత్రమే మనుషుల చేత మోయించి, కూర్చోడానికి ఇంటింటికీ తిరిగి చాపలు అడిగి సభ నడిపించాం. కుర్చీల కిరాయి తీసుకోలేదు. కిరాయి వదులుకున్నందుకు నాన్న వారం రోజులు తిట్టాడు. మరుసటి ఎండాకాలం ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ మనకే వచ్చాయి. ఇదంతా వాడు చేసినట్టు 'నేను, నేను' అని రాసి ఇచ్చాను.

వాడు ఇంగ్లీషులో చదివి, అమ్మకు తెలుగులో చెప్పాడు. అమ్మ చింతపండు గింజ తీస్తూ అంతా విని, తలెత్తకుండానే అడిగింది.

"ఆ వాన రోజు నువ్వు ఖమ్మంల ఉన్నవ్ గదరా?"

వాడి ముఖం చూడాలి నువ్వు! నాన్న సర్దిచెప్పబోయాడు. ఇంటి పని అక్క చేస్తే ఏంది, తమ్ముడు చేస్తే ఏంది అన్నాడు. నేనూ అదే అన్నాను, నాన్న కంటే గట్టిగా. వాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొన్న ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. సీటు కోసం ప్రార్థన చేయించుకుంటాడేమో అనుకున్నాం. వాడు లేచి నిలబడి, పచ్చకామెర్ల ఊసే ఎత్తకుండా, నేరుగా విషయానికొచ్చాడు.

"చర్ల వాగు దగ్గర పని నేను చేసిన అని రాసుకున్న. చేసింది మా అక్క తబితా. ఆ రోజు నేను ఖమ్మంల సినిమాకు పోయిన."

ఎబినేజర్ గారు అలవాటు కొద్దీ దేవునికి స్తోత్రం అన్నారు. వెంటనే సంఘమంతా స్తోత్రం అంది. వాడు సినిమాకు పోయినందుకు స్తోత్రమో, నేను గిన్నెలు మోయించినందుకో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు. నేను పాటల పుస్తకం తిరగేసుకుంటూ కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే అక్షరాలు ఎక్కడ కనబడతాయే!

ఇంటికి రాగానే వాడు కొత్త వ్యాసం రాశాడు. సెలవుల్లో నాన్న వాడిని టెంట్ హౌసులో కూర్చోబెట్టి పోతే, ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లకు ఒకే పందిరి ఒప్పుకున్నాడు, గుర్తుందా? రెండిళ్లకూ తనే వెళ్లి చీవాట్లు తిని, ఇల్లందులో మనకు పోటీగా ఉన్న వాళ్ల కాళ్లావేళ్లా పడి ఇంకో పందిరి తెచ్చి నిలబెట్టాడు. ఆ సంగతే రాశాడు. దాంట్లో వాడు కాక ఇంకెవరూ లేరు. చదివి పడీపడీ నవ్వాం. ఈసారి సీటు వస్తుందని నా మనసుకు గట్టిగా అనిపిస్తోంది.

నెట్ సెంటరు వాడి మిషను చెడిపోయింది, అందుకే కొరియరులో పంపుతున్నా. జల్దీగా చూసి పంపు. ఎర్ర సిరా కాస్త తగ్గించు.

నీ గడప తొక్కని స్నేహితురాలు,
తబితా

తా.క.: కవరులో వ్యాసాలు రెండున్నాయి, చూశావా? ఒకటి తమ్ముడి పందిరిది. రెండోది ఆ వాగుదే. ఒక్క మాట మార్చలేదు, పైన పేరు మాత్రం నాది పెట్టాను. ఆగస్టులో నేనొచ్చింది గుడ్డ కోసం కాదే, తమ్ముడు రాసిన ఆ స్కూలు పరీక్షే రాయడానికి. నీ ముఖం చూస్తే చెప్పేస్తానని భయపడి వెళ్లిపోయాను. తీరా మార్కులొచ్చాక, టెంట్ హౌసు ఎవరు చూస్తారు, నాన్న ఏమంటాడు అని దరఖాస్తు పెట్టడానికి ధైర్యం చాలలేదు. నేను పోకపోయినా నా పనైనా వాడి పేరు మీద పోతుందని ఆ వ్యాసం వాడికిచ్చాను. ఆదివారం వాడలా లేచి నిలబడ్డాక ఇంక దాక్కోవడానికి సిగ్గేసింది. నిన్న అమ్మకు చెప్పాను. "కుర్చీలు నేను చూసుకుంటగాని, నువ్వు పంపు" అంది. తమ్ముడైతే ఎగిరి గంతేశాడు. నాన్నకు అమ్మే చెబుతుందట. ఇంకో సంగతి, వాడి దగ్గర అనకు. మార్కులు వాడి కంటే నాకే ఎక్కువ. ప్రభువు కృప ఉంది, కాదనను. కానీ పరీక్ష రాసింది మాత్రం నేనే.