నలభై పైసల తేడా

మార్చి 1, ఉదయం 6:10
నేటి నుంచి ఏడాదిపాటు ఫండ్ యాప్ తెరవను! ఆ డబ్బు నాది కాదు, మా ఆవిడ అయిదేళ్లు మిషన్ తొక్కి కూడబెట్టింది. వచ్చే మార్చిలో సొంత టైలరింగ్ షాపుకి అడ్వాన్స్ కట్టాలి. "మీరు ముట్టుకోకుండా ఉంటే చాలు, అదే పెరుగుతుంది" అంది. ఒట్టేశాను. యాప్ తీసేశాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

మార్చి 3, మధ్యాహ్నం 1:00
చూడలేదు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్ని, నిగ్రహం నాకు కొత్తా? ఈ రోజు కూరగాయల కొట్లో కిలోకి పది గ్రాములు తక్కువ తూచే కాటా పట్టుకున్నాను. ఎంత బతిమాలినా వినలేదు. జరిమానా!

మార్చి 4, 11:20
టీకొట్టు టీవీలో మార్కెట్ సూచీ. నేను చూడలేదు, అదే కనిపించింది. ఆరు నెలల్లో నూటికి ఆరు రూపాయల నలభై పైసలు పెరిగిందట. సూచీ ఎంత పెరిగితే అంత పెరగడమే కదా మన ఫండ్ పని. సంతోషం.

11:35
యాప్ మళ్లీ పెట్టాను. చూడ్డానికి కాదు, సరిచూడ్డానికి. మన ఫండ్ పెరిగింది ఆరు రూపాయలే. నలభై పైసలు ఏవి?

మార్చి 5
యాప్ తెరిచింది: పదకొండు సార్లు. తిన్నది: గుర్తులేదు.
మాటవరసకన్నట్టు ఆవిడనడిగాను. మిషన్ ఆపకుండానే అంది: "కొన్న గుడ్డంతా చొక్కాలోకి వస్తుందా? కత్తిరింపులో కొంత పోదూ?"
"పోయిన ముక్కేదీ అంటున్నా."
"యాప్ చూశారా ఏంటి?"
"ఛఛ! టీవీలో."

మార్చి 7, 10:05
పది గ్రాములకే జరిమానా రాసేవాణ్ణి, నలభై పైసల కోత చూస్తూ ఊరుకోనా? మొత్తం అమ్మేశాను! ముట్టుకోనని కదా ఒట్టు. అమ్మేశాక ఇక ముట్టుకోవడానికేముంది?

మార్చి 9, 3:15
డబ్బు వచ్చింది. పెట్టిన ఏడాది నిండకుండా తీసినందుకు ఫండ్ వాళ్లు నూటికి రూపాయి కోశారు. నలభై పైసల కోసం రూపాయి!

3:40
ఆఫీసు గుమాస్తాతో మొరపెట్టుకున్నాను. నా ఫోను చూసి నవ్వాపుకున్నాడు. "సార్, టీవీలోది ముప్పై కంపెనీల సూచీ. మీ ఫండ్ వంద కంపెనీల సూచీది. అది పెరిగిందే ఆరు రూపాయల పది పైసలు. ఆ పది పైసలూ ఫండ్ నడిపే ఖర్చు."
తప్పుడు రాయితో తూచాను. నేను! ఇరవై రెండేళ్ల సర్వీసు!

మార్చి 10, సాయంత్రం 6:30
ఆవిడకి చెప్పేశాను. మిషన్ ఆగింది. సిగ్గుతో చచ్చిపోయాను.
అడిగింది: "పోయింది ఎన్ని చొక్కాల కూలి?"
లెక్కవేశాను. "నలభై."
మళ్లీ మిషన్ తొక్కసాగింది. తిట్టినా బాగుండేది.

మార్చి 11, ఉదయం 6:10
రాత్రే డబ్బు మళ్లీ అదే ఫండ్‌లో పెట్టాం. పాస్‌వర్డ్ ఆవిడ దగ్గరుంది. నేటి నుంచి ఏడాదిపాటు యాప్ తెరవను!
నాకు పడిన జరిమానా: నలభై చొక్కాలకి గుండీలు కుట్టడం. మొదటిది పూర్తి చేసి గర్వంగా ఇచ్చాను. ఆవిడ టేపు పెట్టి కొలిచింది. "రెండో గుండీ అర సెంటీమీటరు కిందకి పోయింది. విప్పండి."
"అర సెంటీమీటరే కదా, ఎవరు చూస్తారే?" అన్నాను.