ఆగి పేలిన తోటా

గుణదల, విజయవాడ,
3 అక్టోబరు 1976.

పూజ్యులైన బావగారు కొండలయ్య గారికి,

మీ మరదలు గంగారత్నం నమస్కరించి రాయించునది. మీరు, అక్కయ్య, పిల్లలు చల్లగా ఉండాలి. నా క్షేమం సంగతి మీకు తెలిసిందే. అక్షరాలు వంకరపోయాయని విసుక్కోకుండా చివరిదాకా చదివించుకోండి.

మీ తమ్ముడిని చంపింది గనిలో రాయి పేల్చే బ్లాస్టింగ్ మేస్త్రీ నబీయేనని, ఫ్యూజు వత్తికి నిప్పు పెట్టిన ఆ చెయ్యి నరికితే గాని పడవెక్కనని రేవులో అందరి ముందూ ఒట్టేశారట. కత్తి కూడా నూరించారట. నాగాయలంక నుంచి చేపలు తెచ్చినవాళ్లు చెప్పారు.

నేనూ మీ తమ్ముడూ కాపురానికి వెళ్లేనాటికి ఆ గని లేదు. ఉత్త ముళ్లకొండ. సీసం ఉందని మిషన్లతో బెజ్జాలు వేసి చూశారు. కొండ పక్కనుంచి సొరంగం తొలిచారు. తర్వాత నిలువునా బావి తవ్వి, లోపల అంతస్తు కింద అంతస్తు దిగారు. దిగినప్పుడల్లా ఆ కొండ ఒకరిని నమిలి ఉమ్మేది. తాడు తెగి ఒకడు, పైన పెచ్చు ఊడి ఇద్దరు. లారీలు మాత్రం రాయి నింపుకుని విజయవాడ రైల్వే యార్డుకి పోతూనే ఉండేవి.

మీరన్నదమ్ములిద్దరూ కృష్ణలో మందు దట్టించిన తోటా పేల్చి చేపలు పట్టేవారు. పేలగానే దూకాలి, ఆలస్యమైతే చేప పక్క పడవవాడిదని మీరే వీపున చరిచి నేర్పారు. గనిలో అలా కాదు బావగారూ. రాతి నిండా కన్నాలు, కన్నానికో తోటా. అన్నీ పేలాయని మేస్త్రీ చెప్పేదాకా కదలకూడదు. ఆ రోజు ఒకటి ఆగిపోయింది. ఇంకోటుంది, ఆగరా అని నబీ గారు అరిచారట. ముందు చేరిన జట్టుకే రాయి ఎత్తే పని దక్కుతుందని మీ తమ్ముడు పొగలోకి ఉరికాడు. మేస్త్రీ వెనకే ఉరికి చొక్కా పట్టుకున్నారు. అప్పుడు పేలింది.

నాకు గోనెపట్టాలో మూట ఇచ్చారు. ముఖం చూద్దామని నేనే ముడి విప్పాను. తాళి కట్టిన వేళ్ల కోసం ఆ మూటలో వెతుక్కున్నాను.

మీ మీద నాకు కోపం ఉంది. ఆ పరుగు నేర్పింది మీరు. ఆ వేళ మీ కత్తి నాకు దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. కానీ ఇంకో ఆడది అలాంటి మూట విప్పకూడదు. నేనిప్పుడు నబీ గారింట్లోనే ఉన్నాను. ఆయన భార్య జరీనా అన్నం కలిపి నా నోట్లో పెడుతోంది. ఆ కత్తి ఏట్లో పారేసి రండి. వచ్చి భోంచేసి వెళుదురుగాని.

ఇట్లు,
మీ మరదలు
గంగారత్నం (వేలిముద్ర)

తా.క. దహనానికి నబీ రాలేదు, తప్పు చేశాడు కనకే పారిపోయాడు అన్నారు మీరు. అప్పుడాయన గుంటూరు ఆసుపత్రిలో తెలివి తప్పి ఉన్నారు. ఈ వంకర అక్షరాలు ఆయన ఎడమచేతివే. ఈ కింది మాట రాయనంటే బతిమాలి రాయిస్తున్నాను. ఆ మూటలో చొక్కా పట్టుకునే ఉన్న కుడిచెయ్యి ఒకటి కనబడింది. అది మీ తమ్ముడిది కాదు. వేళ్లు విడదీయడానికి ఎవరికీ చేతులాడలేదు, అలాగే చితికెక్కింది. మీరు నరుకుతానన్న చెయ్యికి కృష్ణ ఒడ్డున నిప్పు పెట్టింది మీరే, బావగారూ.